మూడో ప్రతి కోరిన విభాగాధిపతి

1986వ సంవత్సరం జూలై మూడవ తేదీ గురువారం నాడు మా గ్రంథాలయంలోని ప్రభుత్వ ప్రచురణల విభాగంలో సహాయ సూచీకర్తగా ప్రవేశించిన మా మేడమ్‌గారు, ఈ నెలాఖరున అదే విభాగానికి అధిపతిగా పదవీ విరమణ చేస్తున్నారు. చేరిన నాడు వారికి చూపించిన గది నేలమాళిగలో ఉంది. నేటికీ వారు కూర్చునేది ఆ గదిలోనే. పై అంతస్తులలో ఎందరో అధికారులు వచ్చారు, వెళ్ళారు, సన్మానాలు పొందారు. కింద మాత్రం ఇనుప బీరువాల నడుమ వారొక్కరే స్థిరంగా నిలిచారు. ఈ అభినందన సంచిక సంపాదకవర్గం వారు నా వ్యాసం రెండు పుటలు దాటరాదనీ, కుటుంబ విషయాల జోలికి పోరాదనీ నాకు రెండు ఆంక్షలు విధించారు. మొదటిదాన్ని పాటించడం నా స్వభావంలో లేదని వారికీ తెలుసు. రెండవదాన్ని ఎందుకు పాటించలేకపోయానో చివరలో మనవి చేసుకుంటాను.

ప్రభుత్వ ప్రచురణలంటే ఏమిటని మా ఇంట్లోవాళ్ళే నన్ను ఇప్పటికీ అడుగుతుంటారు కనుక, ఆ సంగతి ముందుగా చెప్పడం మంచిది. కార్యాలయాలు ఏటేటా వెలువరించే వార్షిక నివేదికలు, విచారణ సంఘాల నివేదికలు, జనాభా లెక్కలు, వర్షపాతపు పట్టికలు, గెజిట్లు మొదలైనవన్నీ ఈ కోవలోకి వస్తాయి. ఇవి ఏ దుకాణంలోనూ దొరకవు. వీటి మీద రచయిత పేరుండదు, కార్యాలయమే రచయిత. ఫలానా పుస్తకం వెలువడిందని ఎవరూ చాటింపు వేయరు, వెలువడకపోతే ఎవరూ బెంగపెట్టుకోరు. అచ్చువేసిన కార్యాలయమే రెండేళ్ళు తిరిగేసరికి తాను అటువంటిది అచ్చువేసిన సంగతి మరచిపోతుంది. అటువంటి వాటి ఆచూకీ తీసి, సేకరించి, ఎవరైనా ఎప్పుడైనా వచ్చి అడిగితే చేతికి అందేలా సూచీలో చేర్చి నిలబెట్టడం మా మేడమ్‌గారి వృత్తి. అడగడానికి వచ్చేవారు మాత్రం బహు తక్కువ. వీధి మట్టానికి ఉన్న ఆ గది కిటికీలోంచి దారిన పోయేవారి పాదాలు తప్ప మరేమీ కనిపించని రోజులు, పంకా చప్పుడు తప్ప మరేమీ వినిపించని రోజులు వారి ఉద్యోగ జీవితంలో చాలానే ఉన్నాయి.

తొలి సంవత్సరాలలో వారు తలకెత్తుకున్న పని కార్యాలయాల పేర్ల చిక్కుముడిని విప్పడం. ఒక ప్రభుత్వం కాలువల విభాగమని పెట్టిన పేరును మరో ప్రభుత్వం నీటిపారుదల శాఖగా మారుస్తుంది; ఇంకొకరు వచ్చి దాన్ని రెండుగా చీలుస్తారు; వేరొకరు ఒక ముక్కను వ్యవసాయానికి అతికిస్తారు. రచయితే ఇలా పేరు మార్చుకుంటూ పోతే పాఠకుడు అతని పుస్తకాలను ఏ పేరు కింద వెతకాలి? మేడమ్‌గారు పాత గెజిట్లన్నీ తిరగేసి, ఏ కార్యాలయం ఏనాడు పుట్టిందో, ఎవరిలో కలిసిందో, ఇప్పుడు ఏ పేరుతో చలామణీ అవుతున్నదో ప్రతిదానికీ కార్డు రాశారు. మనుషులు ఇల్లు మారితే కొత్త చిరునామా చెప్పి పోతారు, కార్యాలయాలకు ఆ పాటి మర్యాద కూడా తెలియదని వారు విసుక్కునేవారు. విసుక్కుంటూనే, ఏ ముక్క ఎటు పోయిందో తేలేదాకా వదిలిపెట్టేవారు కారు.

కూర్చున్న చోటికి ప్రచురణలు నడిచి రావు గనుక, నెలకు కొన్ని రోజులు వారు స్వయంగా బయలుదేరి ఆఫీసుల గుమ్మాలు తొక్కేవారు. ఏ ఆఫీసులో నివేదికలు మెట్ల కింద పడేస్తారో, ఎక్కడ పాడైన లిఫ్టు వెనుక దొంతర వేస్తారో వారికి కొట్టిన పిండి. అడిగినా పంపని ఆఫీసులకు ఉత్తరాల మీద ఉత్తరాలు రాసేవారు. అందువల్ల ఊళ్ళోని గుమాస్తాలు వారికి "రిమైండరమ్మ" అని పేరు పెట్టారు. ఒకసారి ప్రజారోగ్య కార్యాలయానికి వెళ్ళి, తాగునీటి నాణ్యత మీద ఆ కార్యాలయమే వేసిన నివేదిక కావాలని అడిగారు. అటువంటిది మేమెన్నడూ వేయలేదని అక్కడి సూపరింటెండెంటు ఒట్టు పెట్టినంత పని చేశాడు. ఎండన పడి వచ్చాను, కాసిని మంచినీళ్ళైనా ఇప్పించమని అడిగి మూలనున్న కుండ దగ్గరికి వెళితే, దాని మీద మూతగా పెట్టినది ఆ నివేదికే. మేడమ్‌గారు మాట్లాడకుండా నీళ్ళు తాగి, మూత తీసుకుని వచ్చేశారు. మరునాడు వెళ్ళి కుండ మీదికి ఒక స్టీలు పళ్ళెం ఇచ్చి వచ్చారు. ఆ కార్యాలయపు కుళాయి నీరు తాగడానికి పనికిరాదని ఆ నివేదిక పదకొండో పుటలోనే ఉందట. "ముందు చదివి తర్వాత తాగాల్సింది" అని వారు నాతో అన్నారు.

వారు చేరిన కొన్నేళ్ళకు వారి తమ్ముడుగారికి ప్రభుత్వ ముద్రణాలయంలో ఉద్యోగమైంది. ముద్రణాలయం అచ్చువేసే ప్రతిదానికీ రెండేసి ప్రతులు మా గ్రంథాలయానికి పంపాలన్నది నిబంధన. ఆ ప్రతులను కట్టలు కట్టి పంపే డిస్పాచ్ విభాగంలోనే ఆయన పని. నెలకొకసారి ముద్రణాలయం వ్యాను మా వెనుక గుమ్మంలో ఆగేది. డ్రైవరు పక్క సీటులోంచి తమ్ముడుగారు కట్టలతో దిగేవారు. అక్కగారు ఒక్కొక్కటే జాబితాతో సరిచూసుకుని, అన్నీ ఉంటే రసీదు మీద సంతకం చేసేవారు, ఏదైనా రాకపోతే అక్కడికక్కడే దాన్ని పంపమని కోరుతూ చీటీ రాసి ఆయన చేతిలో పెట్టేవారు. తోడబుట్టినవాణ్ణి కూడా నమ్మదని ఆయన డ్రైవరుతో వేళాకోళమాడేవారు. ఆ తర్వాత ఇద్దరూ బల్ల మీది కాగితాలు పక్కకు జరిపి, తల్లిగారు ఇద్దరికీ కలిపి కట్టిన ఒకే క్యారియరు విప్పుకునేవారు. నేను అప్పట్లో పై అంతస్తులో పుస్తకాలు ఇచ్చే కౌంటరులో ఉండేవాణ్ణి. నేలమాళిగలోంచి నవ్వులు వినిపిస్తే, ఈ వేళ ముద్రణాలయం వ్యాను వచ్చిందని మేము పైనుంచే గ్రహించేవాళ్ళం.

ఆ నవ్వులు ఆగిపోయిన కారణం చెప్పక తప్పదు. దూరాన ఒక చిన్న పట్టణంలో భూగర్భజలాల కార్యాలయాన్ని ఎత్తివేస్తున్నారనీ, దశాబ్దాల తరబడి బావుల నీటిమట్టాలను కొలిచి వేసిన నివేదికలను సోమవారం నాడు చిత్తుకాగితాల కింద తోలేస్తారనీ మేడమ్‌గారికి కబురందింది. తల్లిగారు అప్పటికి జ్వరంతో మంచం పట్టి, కాస్త కోలుకుని, లేచి కూర్చుని నాలుగు మాటలు మాట్లాడుతున్నారు. వెళ్ళి రమ్మని ఆవిడే అన్నారట. మేడమ్‌గారు వెళ్ళిన మరునాడు ఆవిడకు జ్వరం తిరగబెట్టింది. తమ్ముడుగారు మా గ్రంథాలయానికి ఫోను చేశారు. మేము ఆ పట్టణానికి చేశాము. మూతపడే ఆఫీసు గనుక టెలిఫోను అప్పటికే తీసేశారు. సెల్‌ఫోన్లు ఇంకా మన చేతుల్లోకి రాని కాలమది. తల్లిగారు కన్నుమూశారు. తమ్ముడుగారు చూడగలిగినంత సేపు దారి చూసి, మరునాడు పొద్దున్నే అంత్యక్రియలు కానిచ్చేశారు. ఆ మధ్యాహ్నం మేడమ్‌గారు అద్దె వాహనం నిండా నివేదికల కట్టలతో ఇంటి ముందు దిగారు.

పరామర్శకు వెళ్ళి గుమ్మం పక్కన నిలబడి ఉన్న నేను ఆ మాటలు విన్నాను. నేను వచ్చేదాకా ఆగలేకపోయావా అని మేడమ్‌గారు అడిగారు. తమ్ముడుగారు ఆవిడ వైపు చూడలేదు, వాహనంలోని కట్టల వైపు చూశారు. "అమ్మ నీ కోసం ఆగింది. నువ్వు వీటి కోసం ఆగావు" అన్నారు. ఆయన గొంతు పెంచలేదు. పెంచి ఉంటే ఆ మాట అంత లోతుగా దిగేది కాదేమో. మేడమ్‌గారు ఆ వారం తిరగకుండానే ఆ ఇల్లు విడిచి, గ్రంథాలయానికి దగ్గరలో మూడో అంతస్తులో రెండు గదులు అద్దెకు తీసుకున్నారు. నాటి నుంచి నేటి వరకు ఆ గదులలో ఒక్కరే ఉంటున్నారు.

ఆనాడు తెచ్చిన నివేదికలు మా గదిలో గోడవారన ఉన్నాయి. మరే గ్రంథాలయంలోనూ ఆ వరుస లేదు. బావి తవ్వేవారికీ, పంట వేసేవారికీ, ఊరి నీటి గురించి రేపు తగవులు తీర్చవలసినవారికీ అది ఎంత అవసరమో నేను వేరే చెప్పనక్కరలేదు. కానీ ఆ కట్టల తాళ్ళు విప్పడానికే మేడమ్‌గారికి ఏళ్ళు పట్టింది. వాటిని సూచీలో చేర్చే పని వారు ఇంకొకరికి అప్పగించలేదు, తామూ చేయలేదు. చివరికి ఒక పరిశోధక విద్యార్థిని వాటి కోసమే వెతుక్కుంటూ వస్తే, లేవని చెప్పడానికి నోరు రాక, ఆ రోజే కూర్చుని మొదలుపెట్టారు.

ముద్రణాలయం వ్యాను రావడం మానలేదు. కట్టలు దించడానికి డ్రైవరొక్కడే వచ్చేవాడు. కట్టల మీది జాబితా తమ్ముడుగారి చేతిరాతతో, "దయచేసి స్వీకరించి రసీదు పంపగలరు" అన్న వాక్యంతో, కింద ఆయన సంతకంతో వచ్చేది. మేడమ్‌గారు "ప్రతులు అందినవి" అని రాసి సంతకం చేసి పంపేవారు. ఒక కడుపున పుట్టి, ఒకే ఊళ్ళో ఉంటూ, ఇద్దరి మధ్య ఏళ్ళ తరబడి నడిచిన సంభాషణ అంతే. దానికి నకళ్ళు తీసి రెండు ఆఫీసులలోనూ ఫైళ్ళలో పెట్టుకున్నారు.

2006లో నన్ను నేలమాళిగకు బదిలీ చేశారు. బదిలీ కాదు శిక్ష అని పైవాళ్ళు నన్ను చూసి జాలిపడ్డారు. మేడమ్‌గారు నాకు పని నేర్పిన తీరు గురించి ఒక గ్రంథమే రాయవచ్చు. ఆ పని మాత్రం చేయనని సంపాదకవర్గానికి హామీ ఇస్తున్నాను. బీరువాలు సర్దుతూ ఉండగా వెనుక గోడ దగ్గర నాకొక విచిత్రం కనబడింది. నిబంధన ప్రకారం ప్రతి ప్రచురణకూ మా దగ్గర రెండు ప్రతులుండాలి. ఆ మూలన కొన్నిటికి మూడో ప్రతి ఉంది. పెద్ద ముఖ్యమైనవేవీ కావు; పశుగణన, రహదారుల టోలు పట్టికలు, ఏదో ఒక ఏటి తపాలా నివేదిక. మేడమ్‌గారు అందలేదని చీటీ రాసి తెప్పించినవి అవి. మొదటి రెండు ప్రతులకూ "అందినవి" అని వారి సంతకమే ఉంది. సూచీలో ఒక చుక్క తేడా వచ్చినా తెల్లవార్లూ నిద్రపట్టని మనిషి, వచ్చినవాటిని రాలేదని ఎలా రాశారో నాకు అంతు పట్టలేదు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర అడిగాను. "ఇవి మనకు వచ్చినవే కదండీ, మళ్ళీ ఎందుకు అడిగారు?"

మేడమ్‌గారు నా వైపు చూడకుండా డబ్బా మూత బిగించారు. "వచ్చినవే" అన్నారు. డబ్బా పక్కన పెట్టి, "జాబితాలదేముందండీ, ఒకేసారి కూర్చుని నెల సరిపడా సంతకాలు పెట్టేసుకోవచ్చు. చీటీకి జవాబు మాత్రం ఆ రోజున మనిషి ఉండి రాయాలి. వాడు బాగున్నాడో లేదో నాకు ఇంకెలా తెలుస్తుంది?" అన్నారు.

అప్పటి నుంచి ఆ చీటీల సంగతి మా ఇద్దరికే తెలిసిన విషయమైంది. ఏడాదికి రెండు మూడు సార్లకు మించి వారు అలా రాసేవారు కారు. అడగడం ఎక్కువైతే ఆయనకు ఇబ్బంది అవుతుందని వారి భయం. ప్రతిసారీ ప్రతి వచ్చేది. ఇదివరకే పంపామని గానీ, మీ రసీదు మా వద్ద ఉన్నదని గానీ ఆయన ఒక్కసారైనా రాయలేదు. "కోరిన ప్రతి పంపడమైనది" అనే రాసేవారు. ఆ సంతకం చూసిన రోజున మేడమ్‌గారి ముఖం తేటపడేది, పాత కార్యాలయాల మీద పరిహాసాలు మొదలయ్యేవి. ఒకసారి జవాబు కింద వేరొకరి సంతకం వచ్చింది. వారు ఆ చీటీని ముందుకూ వెనక్కూ తిప్పి చూసి, నన్ను ముద్రణాలయానికి ఫోను చేసి గెజిటు అనుబంధం గురించి ఏదో ఒకటి అడగమన్నారు. ఆయనకు ఆపరేషన్ జరిగిందనీ, ఇంట్లో కోలుకుంటున్నారనీ అటునుంచి తెలిసింది. దగ్గర ఎవరున్నారట అని అడిగారు. మరదలుగారూ, మేనకోడలూ చూసుకుంటున్నారని చెప్పాను. ఆ వేళ వారు అటవీ శాఖ నివేదికలను మత్స్య శాఖ కింద చేర్చారు. మరునాడు నేను సరిదిద్దాను, వారికి చెప్పలేదు.

ఇంత బాధపడే బదులు ఒకసారి వెళ్ళి పలకరించరాదా అని నేను అనకపోలేదు. "వాడు తలుపు తీయకపోతే?" అన్నారు వారు. "ఇప్పుడు చీటీ అయినా రాస్తున్నాను. అక్కడిదాకా వెళ్ళి వెనక్కి వస్తే, ఇక ఏ మొహం పెట్టుకుని రాయను?" పోగొట్టుకున్న మనిషిలో తమకు మిగిలిన కాస్త ఆనవాలును పణంగా పెట్టడానికి వారు సిద్ధంగా లేరు. ఆ భయం ఎటువంటిదో ఒంటరిగా బతికినవారికి తెలుస్తుంది.

గత దశాబ్దంలో మా వృత్తి రూపమే మారిపోయింది. కార్యాలయాలు అచ్చువేయడం తగ్గించి, నివేదికలను వెబ్‌సైట్లలో పెట్టడం ప్రారంభించాయి. అందరి చేతికీ అందుతాయని లోకం సంతోషించింది. కానీ మంత్రి మారితే వెబ్‌సైటు మారుతుంది, వెబ్‌సైటు మారితే నిన్నటి నివేదిక మాయమవుతుంది. కుండ మూతగానైనా మిగిలే భాగ్యం దానికి లేదు. మేడమ్‌గారు రోజూ ఆఫీసుకు రాగానే వరుసగా ఒక్కొక్క శాఖ వెబ్‌సైటునూ తెరిచి, కొత్తగా పెట్టిన ప్రతి ఫైలునూ దించుకుని, భద్రపరచి, సూచీలో చేర్చడం అలవాటు చేసుకున్నారు. కంప్యూటరు ముట్టుకోవడానికే జంకే వయసులో వారు దాన్ని లొంగదీసుకున్నారు. తాము పోగొట్టుకున్న నివేదికల కోసం శాఖలే వచ్చి వారి గుమ్మంలో నిలబడిన సందర్భాలున్నాయి. అటువంటప్పుడు వారు గర్వపడగా నేను చూడలేదు. వచ్చినవారి చేత ఒక రిమైండరుకు మాత్రం తప్పక జవాబు రాయించుకునేవారు.

ఆ మార్పులతో పాటే ఒక ఉత్తర్వు వచ్చింది. ఇకపై ముద్రణాలయం గ్రంథాలయానికి ప్రతులు పంపనవసరం లేదు. డిస్పాచ్ విభాగాన్ని క్రమంగా మూసివేస్తారు. ఉత్తర్వును సూచీలో చేర్చవలసిన బాధ్యత మేడమ్‌గారిదే కనుక దాన్ని చేర్చారు. వ్యాను రావడం ఆగిపోయింది. జాబితాలు లేవు, రసీదులు లేవు, చీటీలకు అవకాశం లేదు. తొలి నెలలో వారు పాత అలవాటు కొద్దీ వెనుక గుమ్మం తలుపు గడియ తీసి ఉంచేవారు. తర్వాత నన్నే వేసేయమన్నారు. ఆ రోజులలో ఆ గది ఎంత బరువుగా ఉండేదో నేను చెప్పలేను. ఇద్దరం ఉన్నా ఒక్కరే ఉన్నట్టుండేది.

పదవీ విరమణ దగ్గర పడింది. వారి స్థానంలో ఎవరినీ నియమించబోరనీ, విభాగాన్ని కాగితం మీద పై అంతస్తు వారిలో కలిపేసి, గదిని నాకు అప్పగిస్తారనీ గ్రంథాలయాధికారిగారు తెలియజేశారు. వీడ్కోలు సభకు తమ్ముడుగారికి ఆహ్వానం పంపుతానని నేను ఉబలాటపడ్డాను. మేడమ్‌గారు ససేమిరా ఒప్పుకోలేదు. ఆహ్వానం అందుకుని వస్తే నలుగురూ ఏమనుకుంటారోనని వచ్చినట్టవుతుందనీ, రాకపోతే నలుగురిలో రానట్టవుతుందనీ వారి వాదన. నేను ఊరుకున్నాను. రెండు రోజుల తర్వాత వారు చీటీల పుస్తకం బయటికి తీసి, ముద్రణాలయం పేరిట ఒకటి రాశారు. ప్రభుత్వ సెలవుల జాబితా తమకు అందలేదనీ, ఒక ప్రతి పంపవలసిందనీ దాని సారాంశం. సెలవుల జాబితా మా గది గోడకు అంటించి ఉంది. అది లేని ఆఫీసే లేదు. ఏ గుమాస్తాను నిద్రలో లేపి అడిగినా అప్పజెబుతాడు. ఉత్తర్వు ప్రకారం ఆ చీటీకి జవాబివ్వవలసిన పూచీ ముద్రణాలయానికి బొత్తిగా లేదు. ఆ సంగతి రాసేవారికీ తెలుసు, చదివేవారికీ తెలుసు. జవాబంటూ వస్తే అది కార్యాలయం ఇచ్చినది కాదు, తమ్ముడు ఇచ్చినదే. రాకపోతే ఇక అడగడానికి వారి చేతిలో చీటీల పుస్తకం కూడా ఉండదు.

జవాబు రాలేదు. టపా వచ్చినప్పుడల్లా వారు తల ఎత్తేవారు, నేను తల అడ్డంగా ఊపేవాణ్ణి. మొదటి వారం గడిచాక నేనే టపా ముందుగా వెళ్ళి చూసుకుని, వారు తల ఎత్తకముందే ఏదో ఒక ప్రశ్న వేసి మాట మళ్ళించడం నేర్చుకున్నాను. వారు తమ సొంత బీరువా ఖాళీ చేయడం, తాళంచెవులకు చీటీలు కట్టడం మొదలుపెట్టారు.

గడిచిన మంగళవారం, భోజన విరామానికి కొంచెం ముందు, వెనుక గుమ్మం తలుపు చప్పుడైంది. నేను వెళ్ళి తీశాను. రెండు చేతులా బరువైన సంచులతో ఒక నెరసిన జుట్టు పెద్దమనిషి నిలబడి ఉన్నారు. ఆయనను గుర్తుపట్టడానికి నాకు క్షణం పట్టింది. మేడమ్‌గారికి పట్టలేదు, వారు అప్పటికే కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. తమ్ముడుగారు లోపలికి వచ్చి, సంచులు బల్ల మీద పెట్టి, పైనున్న సెలవుల జాబితా తీసి ఆవిడ ముందుంచారు. తర్వాత సంచులలోంచి పుస్తకాలు ఒక్కొక్కటే తీసి పేర్చసాగారు. ఎన్నో ఏళ్ళవి, అన్ని శాఖలవి, ఒక్కొక్కటి.

"ఇవన్నీ నేను అడగలేదు కదరా" అన్నారు మేడమ్‌గారు.

"అడగలేదు. రెండు నీకు పంపి, మూడోది నా బీరువాలో పెట్టేవాణ్ణి. ఎప్పుడు ఏది అడుగుతావో తెలీదు కదక్కా. ఇప్పుడు మా విభాగం ఖాళీ చేయమన్నారు. అన్నీ ఏరి తెచ్చేసరికి ఆలస్యమైంది."

"ఇవన్నీ నాకు అందినవే."

"తెలుసు. నీ సంతకాలు నా దగ్గరున్నాయి."

నేను బీరువా వెనుక నిలబడి, ఎటు వెళ్ళాలన్నా వారి మధ్య నుంచే వెళ్ళాలి గనుక కదలలేకపోయాను. తమ్ముడుగారు పుస్తకాల అంచులు సరిచేస్తూ, "ఆ రోజు నేను ఆగాల్సింది" అన్నారు.

మేడమ్‌గారు పైనున్న పుస్తకం తీసుకుని, ఎప్పటిలాగే మొదటి పుట నుంచి చివరి పుట వరకు సరిచూశారు. దాన్ని పక్కన పెట్టి రెండోది తీశారు. అప్పుడు చీటీల పుస్తకం ముందుకు లాక్కుని, "వీటికి రసీదు రాయాలి. ఇన్నిటికి రాయాలంటే ఇప్పట్లో తెమలదు. కూర్చో" అన్నారు.

"తొందరేం లేదక్కా" అని ఆయన కుర్చీ లాక్కున్నారు.

నాకు పైన పనేమీ లేదు. అయినా మెట్లెక్కి పైకి వెళ్ళాను. ఆ పూట నేలమాళిగ నుంచి నవ్వులేమీ రాలేదు. చాలాసేపు మాటలు మాత్రం వినిపించాయి.

ఈ వ్యాసం చిత్తుప్రతిని నేను మేడమ్‌గారికి చూపించాను. వారు ఎర్ర కలం తీసుకుని, నేను ఎంతో శ్రమపడి కూర్చిన విశేషణాలలో ముప్పాతిక భాగం కొట్టివేశారు. తమ్ముడుగారి ప్రస్తావన ఉన్న పుటలను ఆయన ఇంటికి పట్టుకువెళ్ళి, ఆయన చేత కూడా చదివించి, ఒక్క అక్షరం ముట్టుకోకుండా తిరిగి ఇచ్చారు. సంపాదకవర్గం వారి రెండవ ఆంక్షను మీరినందుకు నా సంజాయిషీ ఇదే. వచ్చే సోమవారం నుంచి ఆ గది తలుపు నేనే తీయాలి, నేనే వేయాలి. ప్రతి శాఖ వెబ్‌సైటునూ పొద్దున్నే తెరిచి చూస్తానని వారికి మాట ఇచ్చాను. సందేహం వస్తే తల ఎత్తి అడగడానికి ఎదుట ఎవరూ ఉండరని తలచుకుంటే మనసు మనసులో లేదు.

ఆనాటి రసీదు ఆనాడు పూర్తి కాలేదు. మిగిలినదాన్ని ఆదివారం నాడు తమ్ముడుగారి ఇంట్లో, మేనకోడలు పుస్తకాల పేర్లు చదివి వినిపిస్తుంటే, మేడమ్‌గారు కొంత రాశారట. మధ్యలో మరదలుగారు భోజనానికి లేపడంతో అక్కడికి ఆపేశారట. వచ్చే ఆదివారమూ రమ్మన్నారట. అప్పటికీ అయ్యేలా లేదని తమ్ముడుగారే నాకు ఫోనులో చెప్పారు. ఇంతకాలం ఆ నీటిమట్టాల కట్టలను తప్ప ఏ పనినీ మరునాటికి వాయిదా వేసి ఎరుగని మా మేడమ్‌గారికి సంపూర్ణ ఆరోగ్యమూ, సుదీర్ఘమైన ఆయుర్దాయమూ, తమవారి మధ్య తీరికైన ఆదివారాలూ సమృద్ధిగా లభించాలనీ, ఆ రసీదు కింద సంతకం పెట్టే తొందర వారికి ఏనాడూ కలగకూడదనీ నిండు మనసుతో కోరుకుంటున్నాను.